బెదిరే యంత్రం

పుచ్చకాయ పేలినట్టు పగిలింది. ఎర్రటి గుజ్జు ఎగిరి చారుమతి కళ్ళజోడు మీద పడింది.

"పోయిందండి," అన్నాడు సూరిబాబు, గడ్డి కోసే మిషన్ ఆపి. "ఇదీ పోయింది. ఇలాగైతే కడియం సంతలో కాయలు మిగలవు మేడంగారూ. జనం గుమ్మడికాయలు కోసుకు తినాలి."

చారుమతి నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని, మిషన్‌ని పక్కకి వాల్చమంది. బ్లేడు పైన తను అమర్చిన సెన్సరు నిండా తడిగడ్డి ముద్దలా పేరుకుని ఉంది. ఆ ముద్ద వెనక దానికి కాయ కనబడలేదు. కాయ బదులు పాదం ఉన్నా కనబడేది కాదు.

కడియం నర్సరీల్లో లాన్ గడ్డిని మళ్ళలో పెంచి, చాపల్లా చుట్టి, లారీల్లో ఊళ్ళకి పంపిస్తారు. ఆ మళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. తడిగడ్డి అంటుకున్న చెయ్యీ, తడిగడ్డీ సెన్సరుకి ఒకటే. సెన్సరే లేని మామూలు మిషన్ల కింద ఏటా ఎవరో ఒకరి వేళ్ళు పోతూనే ఉంటాయి. కూలికి వచ్చినవాళ్ళవి, ఆడుకుంటూ వచ్చిన పిల్లలవి.

ఆ పిల్లల్లో ఒకతె చారుమతి కూతురు ప్రణవి.

అప్పుడు ప్రణవికి ఆరేళ్ళు. ప్రమాదం బయటెక్కడో కాదు, తండ్రి ముకుందరావు నర్సరీలోనే జరిగింది. ఏటవాలు మడి మీద మిషన్ వెనక్కి జారి ఆ పిల్ల కుడికాలి వేళ్ళు రెండు తీసుకుపోయింది. చారుమతి అక్కడే ఉంది. జారుతున్న మిషన్ని చూసింది, అరిచింది, కాళ్ళు కదల్లేదు.

ఆ తర్వాత ఆమె కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పడం మానేసి, నర్సరీ చివరి రేకుల షెడ్డులో ప్రయోగశాల పెట్టింది. తోట యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి ఖర్చు భరిస్తానంది. మనిషి దగ్గరికొస్తే తనంతట తానే ఆగిపోయే మిషన్ కావాలి. అదొక్కటే ఆమె కోరిక.

ఇంట్లో మాత్రం ఆమెకి స్థిమితం లేదు. ఎక్కడ ఇంజను చప్పుడైనా చేతిలో పని వదిలేసి "పన్నీ! ఎక్కడున్నావ్?" అని వీధిలోకి పరిగెత్తేది. మిక్సీ వేస్తే పిల్లని వంటింట్లోంచి పంపేసేది.

"అమ్మా, ఫ్యాన్ వేసుకోవచ్చా? హెల్మెట్ పెట్టుకోవాలా?" అని ప్రణవి వెక్కిరించేది.

వెక్కిరిస్తూనే వచ్చి తల్లి నడుం చుట్టూ చేతులు వేసేది.

*

కాకినాడ నుంచి డాక్టర్ ఇలియాస్ వచ్చాక ప్రయోగం దారి మళ్ళింది. నాడీకణాల మీద పరిశోధన చేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శనగలతో ఉంటాడు.

"మీరు దీనికి కళ్ళు పెడుతున్నారు," అన్నాడు మిషన్ చుట్టూ తిరిగి. "దీనికి కావలసింది కళ్ళు కాదండీ. బెదురు."

"బెదురా?"

"ఎద్దుని చూడండి. పాము కనబడేదాకా ఆగదది. గడ్డి కదిలిన తీరుకే బెదిరి ఆగిపోతుంది. ఆ ముందు క్షణం మిషన్‌కి తెలియాలి."

అతను తెచ్చిన గాజుపెట్టెలో, పల్చటి జిగురులో, బిస్కెట్టంత పలక ఉంది. బతికున్న నాడీకణాలతో పెంచిన పలక. మనిషి తలకి తీగలు తగిలించి, నాలుక కింద మందు చుక్క వేసి, భయపడ్డ సంగతి గుర్తు చేసుకోమంటే ఆ భయం అచ్చు పలకలో పడుతుంది. పలకని మిషన్‌లో బిగిస్తే, అది బెదిరినప్పుడల్లా ఒక తీగ గుంజి, క్లచ్ వదిలించి, బ్లేడుని ఆపేస్తుంది.

మొదటి భయం సూరిబాబు ఇచ్చాడు. పశువుల మేత నరికే మిషన్‌లో ఎప్పుడో అతని చూపుడువేలి కొస పోయింది. పలక బిగించి మడిలో వదిలితే మిషన్ కొంతదూరం వెళ్ళి టక్కున ఆగిపోయింది. ఎదురుగా మనుషులెవరూ లేరు. నీళ్ళ పైపు ఉంది. పైపు లాగేస్తే కదిలింది. మళ్ళీ తాడుముక్క చూసి ఆగింది.

ముకుందరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏరా సూరిబాబూ, వేలు పోయింది గుర్తు చేసుకోమంటే పాముని గుర్తు చేసుకున్నావేంట్రా?"

"ఏం చెయ్యమంటారండీ? ఏలు పోయిన బయం ఏనాడో పోయిందండి. పావంటే మాత్రం ఇప్పటికీ పంచె తడిసిపోద్దండి."

అందరూ నవ్వారు. మర్నాడు పొద్దున్న ఎవరికీ నవ్వు రాలేదు. సూరిబాబు నీరుకట్టు పాముని తోక పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు.

"చూడండి మేడంగారూ, ఎంత ముద్దుగా ఉందో!"

ఇలియాస్ చేతిలో శనగలు కింద పడ్డాయి.

"భయానికి నకలు రాలేదు," అన్నాడు మెల్లిగా. "భయమే వచ్చేసింది. గుర్తు చేసుకున్నప్పుడు జ్ఞాపకం మైనంలా మెత్తబడుతుంది. పలక అప్పుడు అచ్చు తీసుకుంటుంది. చల్లారాక మనిషిలో సంగతి మిగులుతోంది, బెదురు మిగలట్లేదు."

అదే పద్ధతిలో వెనక్కి ఎక్కించి చూశారు. సాయంత్రానికల్లా సూరిబాబు నీళ్ళ పైపు చూసి ఎగిరి గంతేశాడు. అంటే తిరిగి ఇవ్వవచ్చు. ఒక్కటే షరతు. కంపెనీ వేల మిషన్లు చెయ్యాలంటే పలకని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో పలకగా పెంచాలి. ముక్కలు చేశాక ఆ భయాన్ని మళ్ళీ ఒక్క మనిషిలో కూర్చడం కుదరదు.

ఇంకా కొందరు కూలివాళ్ళు భయాలిచ్చి, తిరిగి తీసుకున్నారు. ఒక్కటీ పనికి రాలేదు. తమ వేళ్ళ కోసం భయపడ్డవాళ్ళ పలకలు బిగిస్తే మిషన్ రాళ్ళ దగ్గర ఆగేది. పాదాల దగ్గర ఆగేది కాదు. తన బ్లేడు తను కాపాడుకునేది.

"వీళ్ళందరూ తమకోసం భయపడ్డారు," అంది చారుమతి. "మనకి ఇంకొకళ్ళ కోసం భయపడేవాళ్ళు కావాలి."

ఇలియాస్ ఆమె వంక చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. వద్దు అనలేదు.

*

"నీ భయం తీసి దానికి పెడతావా?" అన్నాడు ముకుందరావు కంచం ముందు చెయ్యి ఆపి. "మరి పిల్లకి ఎవరు భయపడతారు?"

"మీరు లేరూ?"

"నేను మగాణ్ణే. పడిపోయాక పరిగెడతాను. పడిపోతుందేమోనని పరిగెత్తేది నువ్వు."

"ఆ భయంతో నేనేం కాపాడానండీ? ఆరోజు కాళ్ళు రాయైపోయాయి. నాలో ఉండి అది చేసిందేమీ లేదు. మిషన్‌లో ఉంటే బ్లేడు ఆపుతుంది."

"చారూ..."

"పిల్ల మీద ప్రేమ తీసెయ్యట్లేదుగా. భయం ఒక్కటేగా."

ముకుందరావు మజ్జిగ పోసుకుని తినేసి లేచిపోయాడు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్న ఆమె షెడ్డులో కుర్చీలో కూర్చునేది. మందు చుక్క చేదుగా ఉండేది. ఇలియాస్ మెల్లిగా అడిగేవాడు: మిషన్ ఎటు జారింది? పాప ఏ రంగు గౌను వేసుకుంది? మొదటి రోజు మాట పూర్తికాకుండానే వాంతి చేసుకుంది. తర్వాతి రోజుల్లో ఏడ్చింది. ఇంకొన్నాళ్ళకి ఏడుపు గొంతులోనే ఆగింది. ఆఖరి రోజు మొత్తం చెప్పింది, ఎక్కడా ఆగకుండా, పేపర్లో వార్త చదివినట్టు.

"అయిపోయిందా?" అంది తీగలు తీస్తుంటే. "టీ ఉంటే ఇప్పించండి."

*

పలక బిగించారు. పుచ్చకాయ పెట్టారు. మిషన్ మూర దూరంలో ఆగింది. ఇంకో కాయ గడ్డిలో పూర్తిగా పాతిపెట్టారు. ఆగింది. సూరిబాబు భయం భయంగా కర్రకి తడి చేతితొడుగు తగిలించి చాపాడు. ఆగింది.

అప్పుడు బడి నుంచి ప్రణవి వచ్చింది. కుడికాలు కాస్త పక్కకి వేస్తూ, సంచీ ఈడ్చుకుంటూ, మడిలోకి అడ్డంగా దిగబోయింది. మిషన్ అవతలి చివర ఉంది. అటు తిరిగి ఉంది. పిల్ల పాదం గడ్డిని ఇంకా తాకలేదు. మిషన్ నిలబడిపోయింది. ఇంజను ఎక్కిళ్ళు పెడుతున్నట్టు వణికింది.

"ఓరి నాయనో!" అన్నాడు సూరిబాబు. "ఈపుకి కళ్ళున్నాయండి దీనికి!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇలియాస్ కళ్ళు తుడుచుకున్నాడు. చారుమతి కూడా చప్పట్లు కొట్టింది. కూతురు తిరుగుతున్న బ్లేడున్న మడిలోకి దిగబోతుంటే తను కదలకుండా నిలబడ్డానని ఆమెకి తట్టింది. తట్టినా, ఒళ్ళు తేలిగ్గానే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత మెడ నరాలు పట్టెయ్యలేదు. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

*

ఇంట్లో మార్పు మొదట కనిపెట్టింది ప్రణవి.

మిక్సీ తిరుగుతుంటే వంటింట్లోకి వెళ్ళి పక్కనే నిలబడింది. తల్లి చట్నీ రుబ్బుతూ, "ఉప్పు అందుకో," అంది. లారీ వెనక్కి వస్తుంటే దాని వెనక నిలబడింది. లారీ డ్రైవరు తిట్టాడు. అమ్మ వరండాలో కూర్చుని కంపెనీవాళ్ళతో ఫోన్లో మాట్లాడుతోంది.

ఒక ఆదివారం నీళ్ళ ట్యాంకు ఇనుప నిచ్చెన ఎక్కింది. పై మెట్టు మీద నిలబడి ఒక చెయ్యి వదిలేసింది.

"అమ్మా! ఇటు చూడు!"

చారుమతి తలెత్తి చూసింది. నిచ్చెన పాతది. పడితే నడుం విరుగుతుంది. ఇవన్నీ ఆమెకి తెలుసు. కానీ తెలియడం ఒక పక్కన ఉండిపోయింది, కాళ్ళూ చేతులూ ఇంకో పక్కన ఉండిపోయాయి. రెండిటినీ కలిపేది ఏదో లేదు.

"చూశాను," అంది. "దిగి రా. అన్నం చల్లారిపోతోంది."

ప్రణవి చాలాసేపు పైనే ఉండిపోయింది. చివరికి ముకుందరావు వచ్చి నిచ్చెనెక్కి దింపాడు. దించాక ఒక్కటి వేశాడు. దెబ్బ తిన్న పిల్ల ఏడవలేదు. తల్లి వంక చూసింది. చారుమతి కంచంలో అన్నం కలుపుతోంది.

ఆమె ఏదీ మానలేదు. జడ వేసింది, చదివించింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది. మందు ఇవ్వాల్సిన వేళకి ఇచ్చి నిద్రపోయింది. ఇదివరకు జ్వరమొస్తే పిల్ల ఎప్పుడు కళ్ళు తెరిచినా ఆమె కళ్ళు తెరిచే ఉండేవి.

ప్రణవి సాయంత్రాలు మళ్ళలో గడపడం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే మిషన్ ఎక్కడుందో వెతుక్కుని దాని ముందు నిలబడేది. అది ఆగిపోయి వణికేది. పక్కకి జరిగితే కదిలేది. మళ్ళీ నిలబడితే మళ్ళీ ఆగేది. ఇంజను వేడి తగిలేంత దగ్గర కూర్చుని బడిలో జరిగినవన్నీ చెప్పేది: ఎవరు ఎవరితో పచ్చి కొట్టి మాట్లాడటం మానేశారు, డ్రిల్ మాస్టారు పరుగుపందెంలో తనని ఎందుకు నిలబెట్టలేదు.

"ఓ అమ్మలూ, లెగవే తల్లీ," అని సూరిబాబు మొత్తుకునేవాడు. "పొద్దుగూకేలోపు ఈ మడి అవ్వాలి. నాన్నగారు నా తోలు తీస్తారు."

"ఇంకాస్సేపు, బాబాయ్. అది నా మాట వింటోంది."

"మిసను మాట ఇంటదేంటే?"

"వింటుంది. నేనొస్తే కంగారు పడుతుంది చూడు."

సూరిబాబు ఈ సంగతి నవ్వుతూ చారుమతికి చెప్పాడు. ఆమె టాబ్లెట్‌లో నమోదు చేసుకుంది: పరీక్షలన్నీ సంతృప్తికరం.

*

మిషన్‌కి ఉన్న లోపం ఒకటే. అతిగా బెదిరేది. కూలివాళ్ళు మడిగట్టు మీద నడిస్తే ఆగేది. ప్రణవి నర్సరీలో ఏ మూలనున్నా ముక్కుతూ మూలుగుతూ నడిచేది. పలకని ముక్కలు చేశాక బెదురు పల్చబడి సరిపోతుందని ఇలియాస్ చెప్పాడు. కంపెనీ మనిషి అందుకు ముహూర్తం కూడా పెట్టుకున్నాడు.

ఈలోగా హైదరాబాదులో ఏదో పెళ్ళి తోటకి గడ్డి అర్జెంటుగా కావాలని కబురొచ్చింది. మామూలు మిషన్లు రెండూ రిపేరులో ఉన్నాయి. బెదిరే మిషన్ ఒక్కటే దిక్కు. అది పది గజాలు నడిస్తే రెండుసార్లు ఆగుతోంది. లారీ వచ్చి నిలబడింది. ముకుందరావు కేకలేస్తున్నాడు.

సూరిబాబు అటూ ఇటూ చూసి, నడుముకి చుట్టుకున్న పాత సైకిల్ ట్యూబు ముక్క తీశాడు. ఇక్కడ మిషన్ నడిపే ప్రతివాడి దగ్గరా అలాంటి ముక్క ఒకటి ఉంటుంది. పట్టి ఉంచితేనే బ్లేడు తిరిగేలా కంపెనీవాళ్ళు లివరు పెడతారు. చెయ్యి నొప్పి పుడుతుందని వీళ్ళు దాన్ని ట్యూబుతో బిగించి కట్టేస్తారు. సూరిబాబు క్లచ్ లివరుని, పలక గుంజే తీగతో సహా కలిపి కట్టేశాడు. ఇక ఎంత బెదిరినా అది ఆగలేదు. మిషన్‌ని మడి వెంట తిన్నగా వదిలేసి, తను పక్క మడిలో కోసిన గడ్డి చాపలు చుట్టడానికి వెళ్ళాడు.

చారుమతి టాబ్లెట్ పట్టుకుని షెడ్డులోంచి బయటికి వచ్చింది. పలక ఎప్పుడూ లేనంత గట్టిగా కొట్టుకుంటోందని తెర మీద గీతలు చూపిస్తున్నాయి. ఎందుకో చూద్దామని తలెత్తింది.

మడి మధ్యలో ప్రణవి కూర్చుని ఉంది. మిషన్‌కి వీపు పెట్టి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, గడ్డిపరకలు తెంపుకుంటూ. అది ఆగుతుందని ఆ పిల్లకి తెలుసు. రోజూ ఆగింది.

మిషన్ వస్తోంది. ఇంజను గొంతు పట్టేసినట్టు అరుస్తోంది. ముందుభాగం అదిరిపోతోంది. తీగ గుంజుతోంది, గుంజుతోంది, ట్యూబు సాగి మళ్ళీ వెనక్కి లాగుతోంది. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

చారుమతి అన్నీ చూసింది. ట్యూబుని చూసింది, పిల్లని చూసింది, మధ్య దూరం చూసింది. గుండె ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కొట్టుకోలేదు. పిలిస్తే ఇంజను మోతలో వినబడదు. పిల్ల దగ్గరికి పరిగెడితే అందదు. దగ్గరగా ఉన్నది మిషనే. ట్యూబు ముడి విప్పడానికి వ్యవధి లేదు. స్పార్క్ ప్లగ్గు మీది టోపీ లాగేస్తే ఇంజను చచ్చిపోతుంది.

టాబ్లెట్ వదిలేసి నాలుగు అంగల్లో మిషన్ని చేరింది. తిరుగుతున్న బ్లేడు పక్కన మోకాలు ఆనించి, మరుగుతున్న సైలెన్సరు మీదుగా చెయ్యి దూర్చింది. చర్మం చుర్రుమంది. కరెంటు మోచేతిదాకా కొట్టింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. టోపీ పట్టుకుని పీకేసింది.

మిషన్ చచ్చింది. బ్లేడు సుడి తిరిగి తిరిగి, ప్రణవి జడ కొసకి జానెడు దూరంలో నిలిచింది.

నిశ్శబ్దానికి ప్రణవి వెనక్కి తిరిగింది. మిషన్ని చూసింది. ట్యూబుని చూసింది. నర్సరీలో పెరిగిన పిల్ల, ఏం జరగబోయిందో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. తర్వాత తల్లి ముఖం చూసింది.

అక్కడ ఏమీ లేదు. చెమట లేదు, వణుకు లేదు. లెక్క సరిపోయిందని చూసుకునే మాస్టారి ముఖంలా ఉంది.

"లే," అంది చారుమతి. "బట్టలు తడిశాయి."

ప్రణవి అప్పుడు ఏడ్చింది. సూరిబాబు పరిగెత్తుకొచ్చి, తల బాదుకుంటూ, పిల్ల కాళ్ళు తడిమి చూసుకుంటూ, తనూ ఏడ్చాడు. ముకుందరావు వచ్చి కూలబడిపోయాడు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే చారుమతి కాలిన చేతి మీద నీళ్ళు పోసుకుంటూ పక్కన నిలబడింది. వాళ్ళ దగ్గరికి వెళ్ళాలని తెలుసు. వెళ్ళి ఏం చెయ్యాలో తెలియలేదు.

*

"ఇవాళే తిరిగి పెట్టించుకో," అన్నాడు ముకుందరావు షెడ్డులో. ఆ మాట అడుగుతున్నట్టు లేదు, ఆజ్ఞాపిస్తున్నట్టూ లేదు. అలిసిపోయి ఉంది. "డాక్టరుగారూ, మీరు చెప్పండి."

ఇలియాస్ అప్పటికే కుర్చీ సిద్ధం చేశాడు. "పలక ఇంకా ఒకటిగానే ఉంది. ఎక్కించగలను. ఎక్కిస్తే అది ఖాళీ అయిపోతుంది. ఇలాంటిది మళ్ళీ దొరకదు. కంపెనీకి నేను జవాబు చెప్పుకుంటాను. మీకు కావాలని ఉందా అమ్మా?"

చారుమతి నిజాయితీగా వెతుక్కుంది.

"లేదండి. అదే చిక్కు. కావాలనిపించడానికి ఏది ఉండాలో అదే నాలో లేదు." మళ్ళీ తనే అడిగింది. "ఆ భయం ఉన్న మనిషి ఈ కుర్చీలో ఉంటే ఏం చేసేది?"

ఇలియాస్ కుర్చీ మీది తీగలు పక్కకి జరిపాడు. "ఆవిడే ఇచ్చింది కదమ్మా. భయంతోనే ఇచ్చింది."

తలుపు దగ్గర ప్రణవి నిలబడి ఉంది. గాజుపెట్టె వంక చూస్తోంది.

"అది అమ్మకి ఇచ్చెయ్యండి," అంది.

చారుమతి వెళ్ళి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల ఉంటుంది పన్నీ. మిషన్ ముందుకి వస్తుంది."

"ఆ పిల్లకి వాళ్ళమ్మ ఉంటుందిగా."

"ఆరోజు నీకూ ఉంది. నేను అక్కడే ఉన్నాను."

ప్రణవి తన కుడికాలు వంక చూసుకుంది. తర్వాత అడిగింది. "ముక్కలు చేస్తే దానికి నొప్పెడుతుందా?"

"పెట్టదు," అన్నాడు ఇలియాస్.

ముకుందరావు బయటికి వెళ్ళిపోయాడు. చారుమతి చేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో కత్తి పట్టుకుంది. ముందు కొత్త నమూనా గీసింది: గుంజే తీగ లేదు, లివరు లేదు, బెదురు నేరుగా ప్లగ్గునే ఆర్పేస్తుంది. తీగ కనబడితే ఎవరో ఒకరు కట్టేస్తారు. తర్వాత పలకని కోసింది.

*

మిషన్లు బయటి ఊళ్ళకి వెళ్ళాయి. పార్కుల్లో, క్రికెట్ మైదానాల్లో, బడుల ఆవరణల్లో పిల్లల్ని చూసి ఆగిపోతున్నాయని కబుర్లొచ్చాయి. ఒక ఊరి నుంచి ఎవరో తల్లి ఫోన్ చేసి, మాట రాక, ఏడ్చి పెట్టేసింది. చారుమతి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అవతల ఏమీ వినిపించనిదాకా నిలబడింది. అది ఏడుపని తెలుసు. ఎలాంటి ఏడుపో గుర్తు తెచ్చుకోవాలని చూసింది.

ముకుందరావు ఇంట్లో మాటలు తగ్గించాడు. నర్సరీలోకి కొత్త మిషన్లు వచ్చాయి. ప్రణవి వాటి ముందుకి వెళ్ళలేదు. అవి ఆ పిల్లని చూసి ఆగేవి. అందరినీ చూసి ఆగినట్టే ఆగేవి.

చారుమతి మాత్రం ఒక నియమం పెట్టుకుంది. ఇంజను చప్పుడు వినబడితే చేతిలో పని ఆపాలి. పిల్ల ఎక్కడుందో చూడాలి. అక్కడికి వెళ్ళాలి. ఎందుకని తనని తాను అడక్కూడదు. పాఠం వల్లెవేసినట్టు రోజూ చేసింది.

ఆ రోజు స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. వీధిలో లారీ స్టార్టయింది. చారుమతి స్టవ్ ఆర్పింది. చేతులు తుడుచుకుంది. వరండా దాటి, మొక్కల తొట్ల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళి, లారీకీ, మట్టిలో గీతలు గీస్తున్న కూతురికీ మధ్య నిలబడింది. లారీ మెల్లిగా వెనక్కి వచ్చి, తిరిగి, గేటు దాటి వెళ్ళిపోయింది. ఎవరికీ ఏ ప్రమాదమూ జరిగేది కాదు. అంత దూరంలో ఉంది అది.

ప్రణవి తలెత్తి చూసింది. "భయమేసిందా?"

"లేదు."

"పరిగెత్తలేదు. నడిచొచ్చావు."

"అవును."

"స్టవ్ కట్టేసి వచ్చావా?"

"కట్టేసే వచ్చాను."

ప్రణవి పుల్లతో మట్టిలో గీత ఇంకాస్త పొడిగించింది. "రేపు లారీ వచ్చినా వస్తావా?"

"వస్తాను. ఇంజను చప్పుడు వినబడిన ప్రతిసారీ వస్తాను."

ఆ పిల్ల ఆలోచించింది. లేచి, గౌనుకి అంటిన మట్టి దులుపుకుని, తల్లి కట్టు విప్పిన చేతి మీది మచ్చని వేలితో ఒకసారి తాకింది.

"అయితే ఇంకాస్త ముందే బయల్దేరమ్మా," అంది. "నువ్వు నడిచి రావాలి కదా."